సైన్యాలు వెళ్ళిపోయాక

1863 జూలై మొదటి వారం. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో గెటిస్‌బర్గ్ అనే చిన్న ఊరు. ఊరి శ్మశానవాటిక కాపలాదారు పీటర్ థార్న్ సైన్యంలో చేరి దూరాన ఉన్నాడు. అతని పని భార్య ఎలిజబెత్ చూస్తోంది. అప్పటికి ఆమె ఆరు నెలల గర్భిణి. మూడు రోజుల యుద్ధం సరిగ్గా ఆమె ఇంటి చుట్టూ జరిగింది. కాల్పులు ఆగాక తిరిగొచ్చి చూస్తే కిటికీలు పగిలిపోయి ఉన్నాయి, పరుపులూ దుప్పట్లూ నెత్తురుతో తడిసి పనికిరాకుండా పోయాయి. ఇంటి చుట్టూ మనుషుల శవాలు, గుర్రాల కళేబరాలు. సైనికులకు గోతులు తవ్వి పాతిపెట్టమని శ్మశానం పెద్దల నుంచి కబురొచ్చింది. సాయానికి పిలిపించిన మనుషులు ఆ వాసనకు తట్టుకోలేక కొద్ది రోజుల్లోనే వెళ్ళిపోయారు. మిగిలింది ఆమె, వయసు మళ్ళిన తండ్రి. ఆ రాతినేలలో తామిద్దరం 105 మందిని పాతిపెట్టామని ఆమె తర్వాత చెప్పుకుంది. ఆ పనికి అదనంగా ఒక్క డాలరు కూడా ముట్టలేదు. ఆ తర్వాత పుట్టిన ఆడపిల్లకు, యుద్ధం గెలిచిన సేనాని మీడ్ పేరు కలిపి, రోజ్ మీడ్ అని పేరు పెట్టుకున్నారు.

గెటిస్‌బర్గ్ పేరు చరిత్ర చదివినవాళ్ళకు కొత్త కాదు. అమెరికా అంతర్యుద్ధాన్ని మలుపు తిప్పిన పోరు, లింకన్ చిన్న ప్రసంగం, ఇవి పాఠాల్లో ఉంటాయి. ఎవరు ఏ గుట్ట మీద నిలబడ్డారు, ఎవరు ఎటు నుంచి దాడి చేశారు అన్నది గంటల లెక్కన రాసిన పుస్తకాలు వందల్లో ఉన్నాయి. జూలై 4 నుంచి ఆ ఊరు పడ్డ కష్టానికి మాత్రం వాటిలో దక్కేది ఒకటో రెండో పేజీలు. యుద్ధం మూడు రోజుల్లో అయిపోయింది. గాయపడినవాళ్ళను సాగనంపడానికి అయిదు నెలలు, చనిపోయినవాళ్ళను ఒక చోట చేర్చడానికి పదేళ్ళు పట్టింది. ఆ పనిలో అప్పటి విజ్ఞానం ఎక్కడ అక్కరకొచ్చింది, ఎక్కడ చేతులెత్తేసింది అన్నది తెలుసుకోదగ్గ సంగతి.

ముందు అంకెలు చూద్దాం. ఆ ఊరి జనాభా 2,400. మన దగ్గర అయితే ఒక మోస్తరు పల్లె. ఆ ఊరి పొలాల్లో రెండు వైపులా కలిపి 1,60,000 మందికి పైగా సైనికులు తలపడ్డారు. 7,000 మందికి పైగా అక్కడికక్కడే చనిపోయారు. సైన్యాలు రెండూ దక్షిణంగా కదిలి వెళ్ళిపోయాక ఊళ్ళోనూ చుట్టుపక్కల పొలాల్లోనూ మిగిలిన క్షతగాత్రులు దాదాపు 21,000 మంది. వీళ్ళలో 14,000 పైచిలుకు ఉత్తరాది యూనియన్ సైనికులు. మిగతా 6,800 మంది ఓడిపోయిన దక్షిణాది కాన్ఫెడరేట్ సైన్యం వదిలిపెట్టి వెళ్ళినవాళ్ళు. పసిపిల్లలూ ముసలివాళ్ళూ కలుపుకుని ఊళ్ళో ఒక్కో మనిషికి దాదాపు తొమ్మిది మంది క్షతగాత్రులన్నమాట. పోరు ఇంకా ముగియలేదని, శత్రువును వెంటాడాలని యూనియన్ సైన్యం తన డాక్టర్లలో చాలా మందిని వెంట తీసుకుపోయింది. ఇక్కడ వదిలింది 106 మందిని. ఒక్కొక్కరి వంతుకు రమారమి 200 మంది రోగులు.

ఇంత ఘోరంలోనూ ఒక పని మాత్రం బాగా జరిగింది. దానికి కారణం జోనాథన్ లెటర్‌మన్ అనే సైనిక వైద్యుడు. అంతకు ముందటేడు దాకా గాయపడిన సైనికుడిని మోసుకొచ్చే బాధ్యత ఎవరిదీ కాదు. వాయిద్య బృందంలోని వాళ్ళనో, పనికిరాని సిపాయిలనో ఆ పనికి పెట్టేవారు. బండ్లు సామాన్ల శాఖ చేతిలో ఉండేవి. 1862 ఆగస్టు ఆఖరున జరిగిన ఒక యుద్ధంలో క్షతగాత్రులు రోజుల తరబడి పొలాల్లోనే పడి ఉన్నారు. లెటర్‌మన్ ఇదంతా మార్చాడు. మోసుకొచ్చే పనికే శిక్షణ పొందిన మనుషులు, వాళ్ళకే చెందిన గుర్రపు బండ్లు. గాయం తగిలిన చోటికి దగ్గర్లో కట్టుకట్టే శిబిరం, కొంచెం వెనకగా శస్త్రచికిత్స చేసే డేరాలు, ఇంకా దూరంగా నగరాల్లో పెద్దాసుపత్రులు. ఎవరికి ముందు చెయ్యాలి, ఎవరు కాసేపు ఆగగలరు, ఎవరికి చేసినా లాభం లేదు అన్న విభజన ఆ మొదటి శిబిరంలోనే జరగాలి. గెటిస్‌బర్గ్‌లో 1,000 అంబులెన్సు బండ్లు, 3,000 మంది మనుషులు ఈ పని చేశారు. జూలై 4 తెల్లవారేసరికి తమ సైన్యం చేతిలో ఉన్న నేల మీద గాయపడినవాడు ఒక్కడూ మిగల్లేదని లెటర్‌మన్ తన నివేదికలో రాశాడు. నా దృష్టిలో ఆ యుద్ధపు అసలైన శాస్త్రీయ విజయం ఇదే. కొత్త మందు కాదు, కొత్త కత్తి కాదు. ఎవరు ఎవరిని ఎక్కడికి మొయ్యాలో ముందే తేల్చి పెట్టుకోవడం.

మోసుకొచ్చాక ఎక్కడ పడుకోబెట్టాలన్నది తర్వాతి చిక్కు. డేరాలూ మందులూ ఉన్న బండ్లు రోడ్లకు అడ్డం రాకూడదని యుద్ధానికి ముందు చాలా దూరం వెనక్కి పంపించేశారు. దాంతో కప్పు ఉన్న ప్రతి చోటూ ఆసుపత్రి అయిపోయింది. లూథరన్ మత విద్యాలయం, ఊళ్ళోని కాలేజీ, కోర్టు, రైల్వే స్టేషను, చర్చిలు, ఇళ్ళు, ఊరి బయట పశువుల కొట్టాలు. చర్చిల్లో భక్తులు కూర్చునే బల్లల మీద పలకలు పరిచి మంచాలు చేశారు. జూలై 4న మొదలైన కుండపోత రోజుల తరబడి తెరిపి ఇవ్వలేదు. ఒడ్డున పడుకోబెట్టిన క్షతగాత్రుల మీదికి రాక్ క్రీక్ వాగు పొంగి వచ్చింది, కొందరు కొట్టుకుపోయారు. శారా బ్రాడ్‌హెడ్ అనే గృహిణి రాసుకున్న డైరీ నాటి సంగతులు చెప్పే విలువైన పత్రం. మత విద్యాలయం నేలమాళిగలోకి నీళ్ళు చేరి, కదల్లేని సైనికులు ఆ నీళ్ళలో నానుతూ కనబడ్డారామెకు. మరికొందరిని పోగుచేసి దాదాపు వంద మందిని పై అంతస్తుకు మోయించింది.

సేలీ మైయర్స్ ఊరి బడి పంతులమ్మ. వయసు 21. నెత్తురు చూస్తే కళ్ళు తిరిగే మనిషి. సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ చర్చిలోకి అడుగుపెట్టగానే కనిపించిన మొదటి సైనికుడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఏం కావాలని అడిగింది. తాను చనిపోబోతున్నానని చెప్పాడతను. బయటికి పరుగెత్తి మెట్ల మీద కూర్చుని ఏడ్చి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ లోపలికి వెళ్ళింది. అలెగ్జాండర్ స్టువర్ట్ అనే ఆ సార్జెంటు కొద్ది రోజులకే కన్నుమూశాడు. అతని వాళ్ళు తర్వాత ఆమెను చూడటానికి వచ్చారు. నాలుగేళ్ళ తర్వాత అతని తమ్ముడితో ఆమెకు పెళ్ళయింది.

ఇంతకీ ఆ గాయాలు ఎలాంటివి? అప్పటి తుపాకుల్లో ఎక్కువగా వాడింది మినీ తూటా. మినీయే అనే ఫ్రెంచి సైనికాధికారి పేరు మీద వచ్చింది. మెత్తటి సీసంతో చేసినది, బరువు 30 గ్రాముల దాకా, అడుగున గుంట. తుపాకీ పేలగానే ఆ గుంటలోకి వాయువు చొరబడి తూటా అంచులు విచ్చుకుని గొట్టంలోని మెలికల గాడులకు అతుక్కుంటాయి. దాంతో తిరుగుతూ, గురి తప్పకుండా దూరం పోతుంది. ఒంట్లోకి దిగాక అసలు విధ్వంసం మొదలవుతుంది. మెత్తటి లోహం కాబట్టి ఎముక తగలగానే తూటా చప్పిడి అయిపోతుంది, తన శక్తినంతా అక్కడే వదిలేస్తుంది. పాతకాలపు గుండ్రటి గుండు ఎముకను విరిచేది. ఇది ముక్కలు ముక్కలు చేస్తుంది. పైగా చొక్కా పీలికలు, మట్టి, చెమట మురికి అన్నిటినీ లోపలికి లాక్కుపోతుంది. ఆ అంతర్యుద్ధం మొత్తంలో నమోదైన గాయాల్లో నూటికి 71 చేతులకూ కాళ్ళకూ తగిలినవే.

అందుకే కాళ్ళూ చేతులూ కోసేశారు. నాటి సర్జన్లను కసాయివాళ్ళని తిట్టడం అలవాటైంది. నేను ఆ మాట అనను. ఎముక నుజ్జయి, చర్మం చీలి, లోపల మురికి చేరిన కాలును అలాగే ఉంచితే చీము పడుతుంది, ఆ చీము నెత్తుర్లోకి పాకుతుంది. ఆ దశకు చేరినవాళ్ళు బతకడం అరుదు. చెడ్డ గాయాన్ని శుభ్రమైన కోతగా మార్చడం ఒక్కటే వాళ్ళ చేతిలో ఉన్న ఉపాయం. అదీ మొదటి 48 గంటల్లో చేస్తే బతికే అవకాశం ఎక్కువని లెక్కలు తేల్చి చెప్పాయి. అంతర్యుద్ధం తర్వాత అమెరికా ప్రభుత్వం వేసిన బృహత్తర వైద్య చరిత్ర గ్రంథంలో ఉన్న అంకెలు చూడండి. వేలు తీసేస్తే నూటికి ముగ్గురు కూడా చనిపోలేదు. మోకాలి కింద కోస్తే 33 మంది, తొడ దగ్గర కోస్తే 54 మంది, తుంటి కీలు దగ్గరైతే 83 మంది పోయారు. కోత మొండేనికి దగ్గరయ్యే కొద్దీ చావు దగ్గరైంది. తూటా నాలుగంగుళాలు పైకి తగిలిందా కిందికి తగిలిందా అన్నదే చాలా మంది తలరాతను తేల్చింది.

సినిమాల్లో చూపించినట్టు గుడ్డ కొరికించి కోసింది చాలా తక్కువ. క్లోరోఫాం, ఈథర్ అప్పటికే వాడుకలో ఉన్నాయి. గుడ్డను గరాటాలా మడిచి నాలుగు చుక్కలు వేసి ముక్కు దగ్గర పట్టేవారు. మత్తులో ఉన్నవాళ్ళు కూడా మూలుగుతారు, కాళ్ళూ చేతులూ ఆడిస్తారు. దూరం నుంచి చూసినవాళ్ళు మత్తు ఇవ్వకుండానే కోస్తున్నారనుకున్నారు. క్లోరోఫాంతో ఒక ప్రమాదం ఉంది. అప్పుడప్పుడూ మనిషి బల్ల మీదే పోతాడు. ముందు ఆగేది ఊపిరా, గుండెనా అన్న వాదం దశాబ్దాలు నడిచింది. ఆ వాదం తేల్చడానికి ప్రయోగాలు జరిగింది మన హైదరాబాద్‌లో! 1888లోనూ 1889లోనూ నిజాం ప్రభుత్వపు ఖర్చుతో, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి సర్జన్ ఎడ్వర్డ్ లారీ చొరవతో, హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. వందల కొద్దీ కుక్కల మీద, కోతుల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరే, నాడి పట్టుకుని కూర్చోకండి, ఊపిరి చూడండి అని తేల్చాయి. తర్వాతి పరిశోధన గుండె కూడా ఉన్నట్టుండి లయ తప్పి ఆగిపోతుందని చూపించింది. ఊపిరి మీద కన్నుంచాలన్న సలహా మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది.

మత్తు ఉంది. సూక్ష్మజీవి ఊహ మాత్రం ఇంకా సర్జన్ల దాకా రాలేదు. గాయానికి పట్టే చీముకూ కంటికి కనిపించని ప్రాణికీ సంబంధం ఉందని నమ్మి, బ్రిటిష్ సర్జన్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలు కడిగి ఫలితాలు ప్రచురించింది 1867లో. గెటిస్‌బర్గ్‌కు నాలుగేళ్ళు ఆలస్యం. ఇక్కడ సర్జన్ ఒక కాలు కోసి, అదే కత్తిని ఎప్రాన్‌కు తుడిచి తర్వాతి మనిషి దగ్గరికి వెళ్ళేవాడు. ఒకే స్పాంజిని ఒకే గిన్నె నీళ్ళలో ముంచి పిండి పది మంది గాయాలు తుడిచేవారు. చిక్కటి తెల్లటి చీము కారితే గాయం మానుతోందని సంతోషించేవారు. చంపాలనుకుని చేసిన పని ఒక్కటీ లేదు, చంపని పనులు మాత్రం కొద్దిగానే ఉన్నాయి. చంపినవాటిలో పశువుల కొట్టంలో పడుకోబెట్టడం ఒకటి. పేడలో, గుర్రపు లద్దెలో ధనుర్వాతం తెచ్చే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. గాలి ఆడని లోతైన గాయం దానికి తగిన తావు.

అయితే తెలియకుండానే మేలు చేసినవీ ఉన్నాయి. వాటిలో చిత్రమైనది పురుగు. గాయాల్లో ఈగలు గుడ్లు పెట్టి, పురుగులు లుకలుకలాడితే నర్సులు వణికిపోయి ఏరి పారేసేవారు. ఈ అంతర్యుద్ధంలోనే దక్షిణాది డాక్టర్లు కొందరు గమనించింది ఏమిటంటే, పురుగులు పట్టిన గాయాలే శుభ్రపడి త్వరగా మానుతున్నాయి. కారణం ఇప్పుడు తెలుసు. కొన్ని జాతుల ఈగల పిల్లపురుగులు చచ్చిన కండను కరిగించే రసాలు వదిలి, దాన్నే పీల్చుకుంటాయి, బతికున్న కండ జోలికి పోవు. వాటి స్రావాలకు సూక్ష్మజీవులను అణిచే గుణం కూడా ఉంది. 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ శుభ్రంగా పెంచిన పురుగులను గాయాల చికిత్సకు అనుమతించింది. షుగరు జబ్బులో మానని పుండ్లకు కొన్ని దేశాల్లో వాడుతున్నారు.

రెండో మేలు గాలి. ఊరికి తూర్పున యార్క్ వెళ్ళే దారి పక్కన, ఏటవాలుగా ఉన్న పొలంలో, మంచి నీటి ఊట దగ్గర జూలై మూడో వారంలో ఒక డేరాల ఆసుపత్రి వెలిసింది. దానికి లెటర్‌మన్ పేరే పెట్టారు. అప్పటికి రాక్ క్రీక్ మీద కాలిపోయిన రైలు వంతెనను మళ్ళీ కట్టారు. కదిలించగలిగినవాళ్ళను గడ్డి పరిచిన పెట్టెల్లో ఎక్కించి బాల్టిమోర్, ఫిలడెల్ఫియా లాంటి నగరాలకు పంపేశారు. మిగిలిన సుమారు 4,000 మంది మరీ కదల్లేనివాళ్ళు. వాళ్ళ కోసం 400కు పైగా డేరాలు బారులు తీర్చి వేశారు. డేరాకూ డేరాకూ మధ్య బాగా ఎడం ఉంచారు. చెడుగాలి వల్లే జబ్బులు వస్తాయన్న నమ్మకంతో చేసిన ఏర్పాటు ఇది. సిద్ధాంతం తప్పు, ఫలితం ఒప్పు. రోగులు ఒకరి పక్కన ఒకరు ఇరుక్కోకపోవడంతో ఒకరి చీము మరొకరికి అంటుకోవడం తగ్గింది. మరుగుదొడ్లు దూరంగా ఉన్నాయి, నీళ్ళు శుభ్రం, తిండి పుష్టి. శానిటరీ కమిషన్ అనే స్వచ్ఛంద సంస్థ ఐసుగడ్డల మధ్య పెట్టి మాంసం, గుడ్లు, వెన్న రైళ్ళలో తెప్పించింది. కొర్నీలియా హాంకాక్ అనే 23 ఏళ్ళ అమ్మాయి ఇక్కడ నర్సుగా పేరు తెచ్చుకుంది. వయసు చాలదు, మరీ చక్కగా ఉన్నావని నర్సుల అధికారి ఆమెను దారిలో ఆపేస్తే, ఆగకుండా రైలెక్కి వచ్చేసింది. రెండు పక్షాల సైనికులూ ఇక్కడ ఒకే వరసలో పడుకున్నారు. నవంబరులో చివరి రోగి వెళ్ళాక ఆ డేరాలు పీకేశారు.

ఇక ఊరి సంగతి. బావులు ఎండిపోయాయి. ఇంట్లో ఉన్న దుప్పట్లు, చొక్కాలు, చివరికి లోపలి లంగాలు చింపి కట్లు కట్టారు. కంచెలు పొయ్యిల్లోకి పోయాయి, పంట తొక్కుడు పడింది. వీటన్నిటికన్నా భరించలేనిది వాసన. సుమారు 3,000 గుర్రాలు, కంచరగాడిదలు ఆ పొలాల్లో చచ్చి పడి ఉన్నాయి. ఒక్కోటి 400 కిలోలనుకున్నా వెయ్యి టన్నులు దాటిన మాంసం జూలై ఎండలో కుళ్ళుతోంది. ప్రాణం పోగానే పేగుల్లోని సూక్ష్మజీవులు కాపలా లేని ఇంట్లో పడ్డట్టు ఒళ్ళంతా వ్యాపిస్తాయి. మాంసకృత్తులు విరిగి హైడ్రోజన్ సల్ఫైడ్, పుట్రెసిన్, కడావరిన్ లాంటి వాయువులూ ద్రవాలూ పుడతాయి. ఒళ్ళు ఉబ్బుతుంది, నల్లబడుతుంది. ఈగ నిమిషాల్లో వాలుతుంది, ఒక్క రోజులో గుడ్లు పురుగులవుతాయి. ఊరి జనం పుదీనా నూనె సీసాలు ముక్కు దగ్గర పెట్టుకుని తిరిగారు. రాత్రిళ్ళు ఉక్కపోతలోనూ కిటికీలు తెరవలేదు. మంచు పడేదాకా అంతే. వీధుల్లో బ్లీచింగ్ పౌడరు చల్లారు. గుర్రాలను కుప్పలేసి కట్టెలతో తగలబెట్టారు.

ఆ వాసన పీలిస్తేనే రోగం వస్తుందని వాళ్ళ భయం. ఈ భయం మనకూ ఉంది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన తర్వాత శవాలను గుట్టలుగా పోసి దహనం చేసిన సంగతి ఆ తరం ఎవరూ మర్చిపోలేదు. నిజానికి గాయాలతోనో, నీళ్ళలో మునిగో చనిపోయిన ఆరోగ్యవంతుడి శవం నుంచి అంటురోగం వ్యాపించడం చాలా అరుదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పదే పదే చెబుతోంది. రోగం వచ్చేది బతికున్నవాళ్ళ మలంతో పాడైన నీళ్ళ నుంచి. 21,000 మంది విరేచనాలతో, చీముతో పడి ఉన్న ఊళ్ళో నిజమైన శత్రువు అలా పాడైన నీళ్ళే. శవాన్ని తొందరపడి పేరు లేకుండా పూడ్చేస్తే ఆరోగ్యానికి ఒరిగేది లేదు. ఆ ఇంటివాళ్ళు మాత్రం తమ మనిషి ఏమయ్యాడో ఎన్నటికీ తెలుసుకోలేరు.

గెటిస్‌బర్గ్‌లో జరిగింది అదే. ఎక్కడ పడితే అక్కడ అడుగున్నర లోతు గోతులు. స్నేహితులు పాతిన చోట పెట్టె పలక మీద పెన్సిల్‌తో పేరు రాశారు. వానకు ఆ రాత చెరిగిపోయింది. సైనికుల మెడలో బిళ్ళలు లేవు. అలాంటి బిళ్ళ ఉండాలని అమెరికా సైన్యం ఉత్తర్వు ఇచ్చింది 1906లో. ఊళ్ళో ఒక చోట దొరికిన ఒక సార్జెంటు చేతిలో ముగ్గురు పిల్లలున్న గాజుపలక ఫొటో తప్ప ఇంకేమీ లేదు. ఫిలడెల్ఫియా డాక్టరు జాన్ బోర్న్స్ చేతికి ఆ ఫొటో వచ్చింది. పత్రికల్లో ఫొటో అచ్చు వేసే వీలు ఇంకా లేదు. పెద్దబ్బాయి చొక్కా ఏ గుడ్డతో కుట్టారు, పాప ఎక్కడ కూర్చుంది అని మాటల్లోనే వర్ణించి 1863 అక్టోబరులో పత్రికలో వేయించాడు, మిగతా పత్రికలూ వేసుకున్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని పోర్ట్‌విల్ అనే ఊళ్ళో ఫిలిండా హ్యూమిస్టన్ అనే ఇల్లాలికి ఆ వర్ణన చేరింది. ఆ ఫొటో తాను భర్తకు పంపినదే. అలా ఆమోస్ హ్యూమిస్టన్‌కు పేరు తిరిగొచ్చింది.

పందులు శవాలను తవ్వుకుంటున్నాయని, ఇది ఊరికే పరువు తక్కువని కలతపడి డేవిడ్ విల్స్ అనే స్థానిక వకీలు గవర్నరుకు రాశాడు. 17 ఎకరాలు కొన్నారు. శవాలను తవ్వి తెచ్చే పనికి టెండర్లు పిలిస్తే 34 వచ్చాయి. అతి తక్కువకు, శవానికి 1 డాలరు 59 సెంట్ల చొప్పున పాడినవాడికి ఇచ్చారు. అక్టోబరు 27న పని మొదలైంది. అదే వారంలో జెనీవాలో, సోల్ఫెరీనో యుద్ధంలో క్షతగాత్రుల దుస్థితి కళ్ళారా చూసిన ఆంరీ ద్యునాఁ ప్రేరణతో, రెడ్‌క్రాస్‌కు పునాది వేసిన సమావేశం జరుగుతోంది.

తవ్విన చేతులు ఎవరివో చెప్పాలి. బేసిల్ బిగ్స్ అనే నల్లజాతి రైతు, అతను కూడగట్టిన నల్లజాతి కూలీలు. దక్షిణాది సైన్యం నల్లవాళ్ళను పట్టుకుని బానిసత్వానికి తోలుకుపోతోందని తెలిసి, ఆ సైన్యం రాకముందే బిగ్స్ ఊరు వదిలి పారిపోయాడు. తిరిగొచ్చేసరికి అతను సాగుచేస్తున్న పొలం ఆ దక్షిణాది సైన్యపు ఆసుపత్రిగా మారి సర్వనాశనమై ఉంది. అతనే ఇప్పుడు దేశం కోసం చనిపోయినవాళ్ళను వెలికితీసి సగౌరవంగా పడుకోబెడుతున్నాడు.

ప్రతి శవం దగ్గరా శామ్యూల్ వీవర్ అనే ఊరివాడు నిలబడ్డాడు. చివర ఇనుప కొక్కెం ఉన్న కర్రతో జేబులు వెతికి ఉత్తరం, డైరీ, బైబిలు, దువ్వెన ఏది దొరికినా పొట్లం కట్టి పేరు రాసి దాచాడు. కోటు రంగు, లోదుస్తుల గుడ్డ, బూట్ల తీరు చూసి ఏ సైన్యమో తేల్చాడు. అతని నివేదికలో ఒక శాస్త్ర పాఠం దాగి ఉంది. బంకమట్టిలో, చిత్తడి నేలలో పాతిన శవాలు చెడకుండా ఉన్నాయి, ఇసుక పాళ్ళున్న గుల్ల నేలలోవి పూర్తిగా కుళ్ళిపోయాయి అని రాశాడు. త్వరగా కుళ్ళడానికి గాలి కావాలి. బంకమట్టిలో నీరు నిలిచి గాలి చొరబడదు, చల్లగానూ ఉంటుంది. నేరపరిశోధనలో ఈ సూత్రం ఇప్పటికీ చదువుకుంటారు. 1864 మార్చికి పని ముగిసింది. కొత్త శ్మశానవాటికలో 3,512 మంది. వాళ్ళలో 979 మంది ఎవరో తెలియలేదు. 1863 నవంబరు 19న లింకన్ వచ్చి మాట్లాడిన నాటికి సగం మంది కూడా ఇంకా అక్కడికి చేరలేదు.

దక్షిణాది సైనికులకు ఆ వాటికలో చోటు ఇవ్వలేదు. వాళ్ళు పొలాల్లోనే ఉండిపోయారు, మీద నాగళ్ళు నడిచాయి. పదేళ్ళు కావస్తుండగా వాళ్ళ ఊళ్ళ నుంచి స్త్రీల సంఘాలు వీవర్ కుటుంబానికే రాశాయి. శామ్యూల్ అప్పటికి లేడు. కొడుకు రూఫస్ శరీరనిర్మాణ శాస్త్రం చదివిన డాక్టరు. కలగలిసిపోయిన ఎముకలను మనిషి మనిషిగా విడదీయడానికి అలాంటివాడే కావాలి. 1871 నుంచి 1873 వరకు 3,000 మందికి పైగా అవశేషాలను పెట్టెల్లో సర్ది దక్షిణాదికి పంపాడు. ఎక్కువ మంది రిచ్‌మండ్‌లోని హాలీవుడ్ శ్మశానవాటికకు చేరారు. ఆ పనికి ఒప్పుకున్న డబ్బు అతనికి చివరిదాకా పూర్తిగా అందలేదు. అయినా తండ్రి నేర్పిన జాబితాలు తప్పకుండా రాశాడు. ఆ జాబితాలు పట్టుకునే నేటికీ వారసులు తమ పూర్వీకులు ఎక్కడున్నారో వెతుక్కుంటున్నారు.

1996లో గెటిస్‌బర్గ్ రైలు కట్ట పక్కన వానకు మట్టి కోసుకుపోయి ఒక సందర్శకుడికి ఎముకలు కనిపించాయి. నిపుణులు పరీక్షించారు. సైనికుడే. ఏ పక్షమో తేలలేదు. 1997 జూలై 1న, యుద్ధం మొదలైన తేదీనే, సైనిక లాంఛనాలతో ఖననం చేశారు. అతని పేరు ఇప్పటికీ తెలియదు.